మీ సిలిండర్‌లో పట్టాల్సింది అర కిలో గ్యాసే! నిజ వాయువుల కథ

ఈరోజు ఒక లెక్కతో మొదలుపెడదాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి మీరే వేసుకోండి, లేదంటే నన్ను నమ్మేయండి.

మీ వంటింట్లో ఉన్న ఎర్ర సిలిండర్ లోపలి ఖాళీ సుమారు 33 లీటర్లు. లోపల ప్రెషర్ ఎండని, చలిని బట్టి మారుతుంది కానీ, మామూలుగా పది అట్మాస్ఫియర్ల లోపే. మనం ఏడు అనుకుందాం. టెంపరేచర్ 30 డిగ్రీలు. ఇప్పుడు ఇంటర్‌లో బట్టీ పట్టిన పీవీ = ఎన్ఆర్‌టీలో ఈ నంబర్లు వేయండి. తొమ్మిది మోల్స్ చిల్లర వస్తుంది. లోపల ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ మిక్స్ కాబట్టి మోల్‌కి 50 గ్రాములకి కాస్త పైన వేస్తే, మొత్తం బరువు అర కిలో.

అర కిలో! సిలిండర్ మీద రాసి ఉండేది మాత్రం 14.2 కిలోలు. సిలిండర్ తక్కువ తూగిందని గొడవ పడ్డవాళ్లని చూశాం గానీ, ఫార్ములా చెప్పినదానికంటే ముప్పై రెట్లు ఎక్కువ వచ్చిందని ఎవరూ కంప్లయింట్ ఇవ్వరు కదా.

కారణం మీకు తెలుసు. లోపల ఉన్నది గ్యాస్ కాదు, చాలావరకు ద్రవం. సిలిండర్ ఊపితే కుదుపు తెలుస్తుంది. ఓకే. కానీ పీవీ = ఎన్ఆర్‌టీ అనే సమీకరణంలో ద్రవం అనే మాటే లేదు. అది చెప్పే గ్యాస్‌ని ఎంత నొక్కినా సగం అవుతుంది, ఇంకా నొక్కితే పావు అవుతుంది, ఇంకా నొక్కితే ఇంకా తగ్గుతుంది. జీవితంలో ఒక్క చుక్క కూడా కారదు. మన పుస్తకాల్లో దాన్ని ఆదర్శ వాయువు అంటారు. వానలో తడవని మనిషి లాంటిది. ఎక్కడా ఉండదు.

సరే, అయితే గ్యాస్‌ని గట్టిగా నొక్కితే ద్రవం అయిపోతుంది అని ఫిక్స్ అవుదామా? అదీ కుదరదు. రోడ్డు మీద సీఎన్‌జీ ఆటో కనబడుతుంది చూడండి. దాని సిలిండర్‌లో ప్రెషర్ సుమారు 200 అట్మాస్ఫియర్లు. వంటింటి సిలిండర్‌తో పోలిస్తే ఇరవై రెట్లకి పైనే. అయినా లోపల ఉన్నది గ్యాసే, చుక్క ద్రవం లేదు. తక్కువ నొక్కినది ద్రవం అయింది, అంత నొక్కినది కాలేదు. ఎందుకు?

ఈ 'ఎందుకు'కి జవాబు దొరకడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ కథే ఇవాళ్టి ఎపిసోడ్.

1662కి వెళ్దాం. రాబర్ట్ బాయిల్. 'జె' అక్షరం ఆకారంలో ఉన్న గాజు గొట్టంలో పాదరసం పోస్తూ, పొట్టి వైపు ఇరుక్కున్న గాలి ఎంత కుంచించుకుపోతుందో కొలిచాడు. ప్రెషర్ రెట్టింపు చేస్తే గాలి సగం అయింది. దీన్నే మనం బాయిల్ నియమం అంటాం. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆయన నొక్కింది సుమారు 4 అట్మాస్ఫియర్ల దాకానే. గాలిని, గది వేడిలో, 4 అట్మాస్ఫియర్ల దాకా. ఆ తర్వాతి తరాలు ఆ చిన్న కిటికీలోంచి కనబడ్డదాన్ని మొత్తం ప్రపంచానికి రూల్ చేసేశాయి. టెస్టింగ్‌లో రెండు కేసులు పాసయ్యాయని కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి తోసేయడం అంటే మా ఫీల్డ్ వాళ్లకి బాగా అర్థమవుతుంది.

తర్వాత టెంపరేచర్ లెక్క వచ్చింది. 1802లో గే లుసాక్ పేరు మీద. 1834లో క్లాపేరాన్ అన్నీ కలిపి ఒక్క సమీకరణం చేశాడు. అక్కడితో అందంగా ముగిసిపోయింది. ముగిసిపోయింది అనుకున్నారు.

ఈలోపు లండన్‌లో 1823లో మైఖేల్ ఫారడే ఒక పని చేశాడు. క్లోరిన్ హైడ్రేట్ అనే పసుపు రంగు స్ఫటికాల్ని వంచిన గాజు గొట్టంలో పెట్టి, మూతి కరిగించి మూసేసి, వేడి చేశాడు. లోపల క్లోరిన్ గ్యాస్ పుట్టింది, బయటికి దారి లేదు, దాని ప్రెషర్‌కి అదే నలిగింది. గొట్టంలో జిడ్డు లాంటి చుక్కలు కనబడ్డాయి. ఆ రోజు ల్యాబ్‌కి వచ్చిన పారిస్ అనే డాక్టర్ అది చూసి, సరిగ్గా కడగని గొట్టం వాడావని ఫారడేని ఆటపట్టించాడట. ఫారడే ఆ గొట్టం మూతి విరగ్గొట్టగానే అది పేలింది, జిడ్డు మాయమైంది. మర్నాడు డాక్టర్ గారికి చిన్న చీటీ వెళ్లింది. నిన్న మీరు చూసిన నూనె ద్రవ క్లోరిన్ అని.

ఇలాంటి పనుల్లో గొట్టాలు పగిలి ఫారడే కళ్లల్లో గాజు ముక్కలు గుచ్చుకున్నాయి. అయినా ఆపలేదు. ఒక్కో గ్యాస్‌నీ ద్రవం చేసుకుంటూ పోయాడు. 1845 నాటికి డ్రై ఐస్‌ని ఈథర్‌తో కలిపి, దాని చుట్టూ గాలి లాగేసి, మైనస్ 110 డిగ్రీల దాకా చల్లబరచగలిగాడు. కానీ ఆరు గ్యాస్‌లు మాత్రం లొంగలేదు. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, మీథేన్. వీటికి 'శాశ్వత వాయువులు' అని పేరు పడిపోయింది. అంటే ఇవి పుట్టుకతోనే గ్యాస్‌లు, మారవు అని. మన సీఎన్‌జీ ఆటోలో ఉండే మీథేన్ ఈ లిస్టులోనే ఉంది చూశారా.

లొంగకపోతే మనిషి ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా నొక్కుతాడు. వియన్నాలో నాటరర్ అనే ఆయన అదే చేశాడు. 1850లలో ఆయన చేరిన ప్రెషర్ 2,700 అట్మాస్ఫియర్లకి పైనే. సముద్రం అత్యంత లోతైన చోట ఉండే ప్రెషర్ కంటే రెట్టింపు అది. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ ఏదీ ద్రవం కాలేదు. పైగా ఆ ప్రెషర్‌లో గ్యాస్‌లు బాయిల్ చెప్పినంతగా కుంచించుకోవడమే మానేశాయి. గోడని తోస్తున్నట్టు ఉంది పరిస్థితి.

ఇంకోవైపు పారిస్‌లో రెన్యో. నాకు ఈ కథలో బాగా నచ్చే మనిషి. ఈయన కొత్త థియరీ ఏదీ చెప్పలేదు. కొలిచాడు, అంతే. స్టీమ్ ఇంజన్ల లెక్కలు కచ్చితంగా కావాలని ఫ్రాన్స్ ప్రభుత్వం డబ్బులిస్తే, 1840లలో ఆవిరిని, గ్యాస్‌లని అంతకుముందు ఎవరూ కొలవనంత జాగ్రత్తగా కొలిచాడు. తేలిందేంటంటే, బాయిల్ నియమాన్ని పూర్తిగా పాటించే గ్యాస్ ఒక్కటి కూడా లేదు. గాలి, నైట్రోజన్ నియమం చెప్పినదానికంటే కాస్త ఎక్కువ కుంచించుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఎక్కువ. హైడ్రోజన్ మాత్రం రివర్స్‌లో, తక్కువ కుంచించుకుంటుంది. దీన్ని రెన్యో 'పర్ఫెక్ట్ కంటే ఎక్కువ పర్ఫెక్ట్' గ్యాస్ అన్నాడు. కొంచెం వెటకారం.

ఈ తేడాలు మామూలు ప్రెషర్లలో చాలా చిన్నవి. ఎవరైనా 'ఎర్రర్' అని రౌండాఫ్ చేసి పడేసే సైజు. రెన్యో పడేయలేదు, టేబుళ్లలో రాసి పెట్టాడు. 1871లో ప్రష్యాతో యుద్ధం ముగిసేసరికి శత్రు సైనికులు ఆయన ల్యాబ్‌లోని పరికరాల్ని నాశనం చేశారు. ఆ యుద్ధంలోనే చిత్రకారుడైన ఆయన కొడుకు చనిపోయాడు. ఆ తర్వాత ఆయన సైన్స్ పని దాదాపు ఆగిపోయింది. టేబుళ్లు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు ఒక వింత ప్రయోగం చెప్పాలి. కొంచెం వెనక్కి, 1822. ఫ్రాన్స్‌లో కాన్యార్ ద లా టూర్ అనే ఆయన తుపాకీ గొట్టం ముక్క తీసుకుని, దాంట్లో కొంత ఆల్కహాల్ పోసి, ఒక చెకుముకి రాతి గోళీ వేసి, రెండు వైపులా మూసేశాడు. దాన్ని వేడి చేస్తూ అటూ ఇటూ వంచుతూ చెవి పెట్టి విన్నాడు. గోళీ ద్రవంలో దొర్లితే ఒక చప్పుడు, ఖాళీలో దొర్లితే ఇంకో చప్పుడు. వేడి పెరుగుతూ పెరుగుతూ ఒక దగ్గర ఆ రెండు చప్పుళ్ల తేడా పోయింది! లోపల ద్రవం, ఆవిరి అనే రెండు వేర్వేరు సంగతులు లేవు. ఏదో ఒకటే ఉంది. అది ఏమిటో ఆ రోజుల్లో ఎవరికీ అంతు చిక్కలేదు.

దాన్ని తేల్చింది బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్. వెంట్రుకంత సన్నటి రంధ్రం ఉన్న గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్‌ని బంధించి, ఇనుప స్క్రూ తిప్పుతూ ప్రెషర్ పెంచాడు. ఒక్కో టెంపరేచర్ దగ్గర ఆపి, ప్రెషర్‌కి వాల్యూమ్ ఎలా మారుతుందో గ్రాఫ్ గీశాడు. 13 డిగ్రీల దగ్గర నొక్కితే ఒక చోట ద్రవం కనబడింది. గ్రాఫ్‌లో అడ్డంగా గీత. 21 డిగ్రీల దగ్గర కూడా కనబడింది, కానీ గీత పొట్టిదైంది. 31 దాటాక గీతే లేదు. ఎంత నొక్కినా గ్యాస్ చిక్కబడుతూ పోతుందే తప్ప, ఇదిగో ఇక్కడి నుంచి ద్రవం అని చూపించే సరిహద్దు రాదు.

1869లో రాయల్ సొసైటీలో ఇచ్చిన లెక్చర్‌లో ఆయన ఆ టెంపరేచర్‌కి క్రిటికల్ పాయింట్ అని పేరు పెట్టాడు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో సందిగ్ధ ఉష్ణోగ్రత అని ఉంటుంది. ప్రతి గ్యాస్‌కీ ఒకటి ఉంటుంది. దానికి పైన ఉన్నంతసేపు కొండ తెచ్చి మీద పెట్టినా అది ద్రవం కాదు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే నొక్కాలి.

ఇక మన వంటింటి పజిల్ విడిపోయింది. ప్రొపేన్‌కి ఈ టెంపరేచర్ 97 డిగ్రీల దగ్గర, బ్యూటేన్‌కి 152. మన వంటింట్లో ఎంత ఉక్కపోసినా దానికి చాలా కిందే కాబట్టి కాస్త నొక్కితే చాలు, ద్రవం. మీథేన్‌కి మైనస్ 83. రోడ్డు మీద తిరిగే ఆటోలో అంత చలి ఎక్కడిది? అందుకే 200 అట్మాస్ఫియర్లు పెట్టినా గ్యాసే. పాపం నాటరర్ తాళం వేసిన తలుపుని తోస్తూ ఉండిపోయాడు.

ఇక్కడ మనకి మాత్రమే కుదిరే సరదా ఒకటి ఉంది. కార్బన్ డయాక్సైడ్ హద్దు 31 డిగ్రీలు. బెల్‌ఫాస్ట్‌లో ఆ వేడి కావాలంటే ఆండ్రూస్ గొట్టాన్ని ప్రత్యేకంగా వేడి చేసుకోవాల్సి వచ్చింది. మనకి? మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏ షెడ్డులోనైనా కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటే, మధ్యాహ్నం పూట దాని లోపల ద్రవం ఉండదు. గ్యాసూ ఉండదు. తుపాకీ గొట్టంలో కాన్యార్ విన్న ఆ మూడోరకం సంగతి ఉంటుంది. సాయంత్రం చల్లబడితే మళ్లీ ద్రవం. ఆండ్రూస్ ఏళ్ల తరబడి కష్టపడి చూసినదాన్ని మన ఎండ ఫ్రీగా చేసి పెడుతోంది, డబ్బా ఇనుముది కాబట్టి మనకి కనబడదు, అంతే.

సరే. హద్దు ఉందని తెలిసింది. ఎందుకు ఉందో తెలియలేదు. అది చెప్పింది ఒక బడిపంతులు.

యోహనెస్ డిడెరిక్ వాన్ డర్ వాల్స్. మన పుస్తకాల్లో వాండర్ వాల్. 1837లో హాలండ్‌లోని లైడెన్ ఊళ్లో పుట్టాడు. నాన్న వడ్రంగి. పదిమంది పిల్లల్లో ఈయన పెద్ద. అలాంటి ఇంట్లో పిల్లలు యూనివర్సిటీ దాకా వెళ్లే రోజులు కావవి. పదిహేనేళ్లకే బడిలో పాఠాలు చెప్పే పనిలో చేరాడు. ఉద్యోగం చేస్తూనే ఖాళీ టైంలో లైడెన్ యూనివర్సిటీకి వెళ్లి లెక్చర్లు విన్నాడు. వినొచ్చు, కానీ పరీక్ష రాయకూడదు. ఎందుకంటే ఆయనకి లాటిన్, గ్రీకు రావు. ఫిజిక్స్ చదవడానికి లాటిన్ ఎందుకు అని అడగకండి, అక్కడ రూల్ అది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, బీటెక్ ఫస్టియర్ మొదటి నెలలో క్లాసులో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లకి ఈ మనిషి ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత రూల్ మారింది. సైన్స్ వాళ్లకి లాటిన్, గ్రీకు మినహాయింపు దొరికింది. అప్పటికి హేగ్‌లో హైస్కూల్ టీచర్‌గా ఉన్న వాన్ డర్ వాల్స్, 1873 జూన్‌లో, 35 ఏళ్ల వయసులో డాక్టరేట్ థీసిస్ సమర్పించాడు. పేరు 'వాయు, ద్రవ స్థితుల అవిచ్ఛిన్నత గురించి'. రాసింది లాటిన్‌లో కాదు, డచ్‌లో. తన సొంత భాషలో.

ఆయన చెప్పింది విందాం. ఆదర్శ వాయువు అనే ఊహలో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి, అణువులకి సైజు లేదు అనడం. రెండు, అవి ఒకదాన్నొకటి పట్టించుకోవు అనడం.

ఆర్టీసీ బస్సు తీసుకోండి. ఖాళీ బస్సులో మీరు తిరగడానికి బస్సంతా చోటే. పండగ ముందు రోజు బస్సులో? బస్సు సైజు అదే, కానీ మీకు కదలడానికి మిగిలేది జనం శరీరాలు పోగా మిగిలిన చోటు. కాబట్టి వాల్యూమ్‌లోంచి అణువుల వాటా తీసేయాలి. ఈ వాటా పేరే 'బీ'. ఇది అణువుల అసలు సైజు కాదు, దానికి నాలుగు రెట్లు. రెండు గోళీలు ఢీకొంటే వాటి మధ్యబిందువులు ఒకదానికొకటి ఎంత దగ్గరికి రాగలవో ఆలోచించండి, ఆ నాలుగు అక్కడి నుంచి వస్తుంది.

రెండోది. బస్సులోంచి దిగబోతున్నవాణ్ణి వెనక నుంచి ఫ్రెండ్స్ చొక్కా పట్టుకు లాగితే ఎలా ఉంటుంది? దూకుడు తగ్గుతుంది. గోడని కొట్టబోయే అణువు పరిస్థితీ అంతే. వెనక ఉన్న మిగతా అణువులు దాన్ని కొంచెం లోపలికి లాగుతాయి, గోడకి తగిలే దెబ్బ తగ్గుతుంది. ప్రెషర్ అంటే ఆ దెబ్బలే కదా. ఎంత గుంపు ఉంటే అంత లాగుడు, దెబ్బ కొట్టేవాళ్లూ అంత ఎక్కువ. అందుకే ఈ సవరణ వాల్యూమ్ స్క్వేర్‌తో భాగించి వస్తుంది. దీని పేరు 'ఏ'.

మన ఎంసెట్ మెటీరియల్‌లో ఈ ఏ, బీలు యూనిట్లు బట్టీ పట్టడానికే పనికొస్తాయి. ఏ యూనిట్ ఏంటి, బీ యూనిట్ ఏంటి, టిక్కు పెట్టు, తర్వాతి ప్రశ్న. నాకు కోపం వచ్చేది అక్కడే. ఎందుకంటే అసలు మజా ఆ తర్వాత ఉంది.

ఈ రెండు సవరణలూ వేశాక సమీకరణం వాల్యూమ్‌లో క్యూబిక్ అవుతుంది. క్యూబిక్‌కి మూడు జవాబులు ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. తక్కువ టెంపరేచర్ దగ్గర, ఒకే ప్రెషర్‌కి మూడు వాల్యూమ్‌లు వస్తాయి. పెద్దది గ్యాస్, చిన్నది ద్రవం, మధ్యది నిలబడలేని స్థితి. టెంపరేచర్ పెంచుతూ పోతే మూడూ దగ్గరికొచ్చి ఒక్క చోట కలిసిపోతాయి. ఆ తర్వాత ఎప్పటికీ ఒకటే జవాబు. అంటే ద్రవం అనే జవాబు సమీకరణంలోంచి మాయం. ఆండ్రూస్ గొట్టంలో చూసిన హద్దు పేపర్ మీద దానంతటదే వచ్చేసింది!

గ్యాస్ చూపించే తేడాల కొలతల నుంచి కార్బన్ డయాక్సైడ్‌కి ఏ, బీలు తీసుకుని వాన్ డర్ వాల్స్ లెక్క వేస్తే హద్దు 32 డిగ్రీలు వచ్చింది. ఆండ్రూస్ కొలిచింది 30.9. ఒక్క డిగ్రీ తేడా. ఆలోచించండి. రెన్యో లాంటివాళ్లు ఓపిగ్గా రాసిపెట్టిన ఆ చిన్న చిన్న 'ఎర్రర్ల'లోనే, ఆ గ్యాస్ ఎక్కడ ద్రవమవుతుందో ముందే రాసి ఉంది. హైడ్రోజన్ ఎందుకు తేడాగా ఉంటుందో కూడా ఇదే చెబుతుంది. దానికి లాగుడు చాలా తక్కువ, కాబట్టి గది వేడిలో సైజుదే పైచేయి.

బ్రిటన్‌లో మాక్స్‌వెల్, అంటే కరెంటుకీ అయస్కాంతానికీ సమీకరణాలు రాసిన ఆ మాక్స్‌వెల్, మరుసటి ఏడాది నేచర్ పత్రికలో ఈ థీసిస్ గురించి రాశాడు. కొన్ని చోట్ల తప్పుపట్టాడు. కానీ ఈ పుస్తకం వల్ల డచ్ భాష నేర్చుకోవడానికి పూనుకున్నవాళ్లు ఒకరికంటే ఎక్కువే ఉన్నారని కూడా అన్నాడు. లాటిన్ రాదని గేటు దగ్గర ఆపిన మనిషి కోసం పెద్దపెద్దవాళ్లు ఆయన భాష నేర్చుకున్నారు. ఈ ముక్క నాకు నోబెల్ కంటే ఎక్కువ నచ్చుతుంది.

అయితే ఈ సమీకరణం అంత కచ్చితమేం కాదు. క్రిటికల్ పాయింట్ దగ్గరికి వెళ్లేకొద్దీ నంబర్లు తప్పుతాయి. ఇవాళ ఏ రిఫైనరీ ఇంజనీరూ దీన్ని నేరుగా వాడడు. 1949లో రెడ్లిక్, క్వాంగ్ అనే ఇద్దరు, 1976లో పెంగ్, రాబిన్సన్ అనే ఇద్దరు దీన్నే సవరించి కొత్తవి చేశారు. వాటిల్లో కూడా ఏ, బీ అలాగే ఉంటాయి. ఎముకలు పంతులు గారివే.

తర్వాత కథ స్పీడుగా నడిచింది. 1877 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లో కయ్యెతే, జెనీవాలో పిక్టే, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, కొన్ని రోజుల తేడాలో ఆక్సిజన్‌ని ద్రవం చేశామని ప్రకటించారు. కయ్యెతేకి అది కాసేపు కనబడ్డ పొగమంచు మాత్రమే. చేతికి చిక్కే ద్రవం, గిన్నెలో మరిగే ద్రవం 1883లో పోలండ్‌లోని క్రాకోలో వచ్చింది. వ్రుబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అనే ఇద్దరు. ఆక్సిజన్ హద్దు మైనస్ 118 అయితే, వీళ్లు ముందు మైనస్ 130 కిందికి చల్లబరిచి, తర్వాత నొక్కారు. ఆ వ్రుబ్లెవ్‌స్కీ ఐదేళ్ల తర్వాత ల్యాబ్‌లో హైడ్రోజన్ మీద పనిచేస్తుండగా కిరోసిన్ దీపం ఒరిగి ఒళ్లు కాలి చనిపోయాడు.

అంత చలి ఎలా తెచ్చేవారు అని అడగొచ్చు. అక్కడ కూడా మన 'ఎర్రరే' హీరో. 1850లలో జూల్, థామ్సన్ కనిపెట్టారు, ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న గాలిని సన్నటి దారిలోంచి తక్కువ ప్రెషర్‌లోకి వదిలితే అది కొంచెం చల్లబడుతుంది. అణువులు ఒకదాన్నొకటి వదిలించుకుని దూరం వెళ్లడానికి సొంత శక్తి ఖర్చు పెడతాయి కాబట్టి. ఆదర్శ వాయువైతే అస్సలు చల్లబడదు. ఈ చల్లదనం అట్మాస్ఫియర్‌కి పావు డిగ్రీ. నవ్వొస్తుంది కదా? 1895లో జర్మనీలో లిండే ఆ పావు డిగ్రీనే పట్టుకున్నాడు. చల్లబడ్డ గాలితో వచ్చే గాలిని చల్లబరచడం, మళ్లీ వదలడం, మళ్లీ చల్లబరచడం. లూప్ పెట్టాడన్నమాట. చివరికి గాలి ద్రవమై కారింది.

చివరగా మిగిలింది హీలియం. లైడెన్‌లో, అంటే వడ్రంగి కొడుకు పుట్టిన ఊళ్లోనే, కామర్లింగ్ ఓనెస్ దాన్ని 1908 జూలై 10న ద్రవం చేశాడు. గుడ్డిగా దిగలేదు. అన్ని గ్యాస్‌లూ వాటి వాటి హద్దుతో కొలిస్తే ఒకేలా ప్రవర్తిస్తాయని వాన్ డర్ వాల్స్ 1880లో చెప్పిన సూత్రంతో, హీలియం హద్దు పరమ శూన్యానికి ఐదారు డిగ్రీల పైన ఉంటుందని ముందే అంచనా వేసుకున్నాడు. సరిగ్గా అక్కడే దొరికింది. తెల్లవారుజామున మొదలుపెట్టి సాయంత్రానికి సాధించింది 60 మిల్లీలీటర్లు. ఎంత పారదర్శకంగా ఉందంటే, గాజు పాత్రకి కింద నుంచి లైటు వేసేదాకా అది వచ్చిందని ఎవరూ గమనించలేదు. వాన్ డర్ వాల్స్‌కి నోబెల్ 1910లో వచ్చింది. మధ్యలో 1881లో భార్య టీబీతో చనిపోతే దాదాపు పదేళ్లు ఆయన ఏమీ ప్రచురించలేదు.

ఇదంతా పాత సంగతి అనుకుంటున్నారా? 2021 ఏప్రిల్ గుర్తుందా. కరోనా సెకండ్ వేవ్. ఆస్పత్రుల్లో బెడ్లు ఉన్నాయి, ఆక్సిజన్ లేదు. ఏప్రిల్ 22న విశాఖ స్టీల్ ప్లాంట్ నుంచి ఏడు ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకి బయల్దేరింది. స్టీల్ తయారీకి ఆక్సిజన్ కావాలి కాబట్టి అక్కడ గాలిని చల్లబరిచి విడదీసే ప్లాంట్లు ఉన్నాయి. అంటే దేశంలో ఆక్సిజన్ ఉంది. లేనిది ట్యాంకర్లు.

మామూలు ఎల్‌పీజీ లారీలో పోసి పంపొచ్చు కదా అని అప్పట్లో చాలామంది అడిగారు. కుదరదు. ఎల్‌పీజీ మన ఎండలో కూడా ద్రవంగా ఉంటుంది, కాస్త ప్రెషర్ చాలు. ఆక్సిజన్ మైనస్ 118 దాటితే ఏ ఉక్కు గోడా దాన్ని ద్రవంగా ఉంచలేదు. మామూలు ప్రెషర్‌లో మోయాలంటే మైనస్ 183 దగ్గర ఉండాలి. దానికి రెండు గోడల మధ్య గాలి తీసేసిన పెద్ద ఫ్లాస్క్ లాంటి క్రయోజెనిక్ ట్యాంకర్ కావాలి. పోనీ గ్యాస్‌గానే సిలిండర్లలో పంపుదామంటే, 150 అట్మాస్ఫియర్లు నింపిన పెద్ద సిలిండర్‌లో కూడా పట్టేది పది కిలోల లోపే. ఆ ఇనుము బరువే యాభై కిలోలు దాటుతుంది. ద్రవం చేస్తే ఒక లీటరులో 860 లీటర్ల ఆక్సిజన్.

అందుకే బేగంపేట నుంచి సైన్యం విమానాల్లో ఒడిశాకి ఖాళీ ట్యాంకర్లు ఎగిరి వెళ్లాయి. ఖాళీవి ఎందుకు? నిండుగా ఉన్న ద్రవ ఆక్సిజన్‌ని విమానంలో ఎక్కించడం ప్రమాదం. వెళ్లేటప్పుడు గాల్లో టైం ఆదా చేసి, వచ్చేటప్పుడు రోడ్డు మీదో పట్టాల మీదో రావాలి. ఆ రోజుల్లో టీవీలో ఆ విమానం తెరుచుకున్న వెనక తలుపులోకి లారీ ఎక్కుతుంటే చూసినవాళ్లు చాలామంది ఉండి ఉంటారు. ఆ లారీ అంత లావుగా, అంత ఖరీదుగా, దేశం మొత్తం వెతికినా చాలినన్ని దొరకనంత తక్కువగా ఉండటానికి కారణం ఆ మైనస్ 118.

వచ్చే ఎపిసోడ్‌లో హైడ్రోజన్ సంగతి చూద్దాం. గది వేడిలో దాన్ని సన్నటి దారిలోంచి వదిలితే చల్లబడదు, వేడెక్కుతుంది. ఎందుకో ఏ, బీలతో ఆలోచించి కామెంట్లో పెట్టండి. ఉంటాను ఫ్రెండ్స్.